చిలకకు పాఠం చెప్పినవారు

మనవరాలి ప్రోగ్రెస్ రిపోర్టులో ఈ వారం టీచరు ఇంగ్లీషులో రాసిన ఒక వాక్యం చదివాను. పిల్ల చిలకలా అప్పజెబుతోందట, అర్థం చేసుకోవడం లేదట. మనసు చివుక్కుమంది. ఎక్కాలూ, శతక పద్యాలూ నోటికి రావాలని నేనెంత పట్టుబడతానో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు.

ఇంగ్లీషులో ప్యారట్ అంటే పక్షే కాదు, విన్నదాన్ని అర్థం తెలియకుండా తిరిగి అనడం కూడా. 2021లో పరిశోధకులు ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ మరికొందరితో కలిసి రాసిన పత్రం కంప్యూటర్ భాషా నమూనాలను విమర్శిస్తూ చిలకలతోనే పోల్చింది.

పాపం, చిలక చేసిన నేరమేమిటి? శాస్త్రవేత్త ఐరీన్ పెపర్‌బర్గ్ 1977లో చికాగోలో ఒక ఆఫ్రికన్ గ్రే చిలకను కొని అలెక్స్ అని పేరు పెట్టారు. 2007లో చనిపోయేనాటికి అది 50 దాకా వస్తువుల పేర్లు చెప్పేది. రెండు వస్తువులు చూపించి వీటిలో ఏది ఒకటే అని అడిగితే రంగనో, ఆకారమనో, పదార్థమనో చెప్పేది. ఏదీ కలవకపోతే ఏదీ కాదనేది.

నన్ను కట్టిపడేసింది నేర్పిన తీరు. చిలక ఎదుట ఇద్దరు కూర్చునేవారు. ఒకరు తాళంచెవి చూపించి ఇదేమిటని అడుగుతారు. రెండోవారు సరిగ్గా చెబితే తాళంచెవి చేతికిస్తారు, తప్పు చెబితే కనబడకుండా దాచేస్తారు. తర్వాత పాత్రలు మార్చుకుంటారు. చూసి చూసి చిలకకు ఆశ పుడుతుంది. తాళంచెవి అన్నందుకు దానికి దొరికేది గింజ కాదు, తాళంచెవే. మాట పలికితే ఆ వస్తువే వచ్చి ముక్కున పడాలి. అదీ అసలు కిటుకు.

వల్లెవేతను సమర్థించడానికి చిలకను సాక్ష్యం తెద్దామనుకున్నాను. ఆ సాక్ష్యం టీచరు పక్షానే పలుకుతోంది. అలెక్స్‌కు ఎవరూ వల్లె వేయించలేదు. ఎక్కం నోటికి రావాలన్న నా పట్టు సడలలేదు గానీ, అంతకు ముందే ఇద్దరు పెద్దలు పిల్ల ఎదుట చింతపిక్కలు పోసుకుని, మూడు ఏడులెంతో ఒకరినొకరు అడగాలి. సరిగ్గా చెప్పినవారికి ఆ ఇరవై ఒక్క పిక్కలూ దక్కాలి.

ఒక్క టీచరున్న తరగతిలో రెండో మనిషి ఎవరంటారా? పై తరగతి పిల్లలున్నారు. వీధిబడుల్లో చిన్నవాళ్లకు చెప్పింది వాళ్లే. స్కాట్లాండ్ మతబోధకుడు ఆండ్రూ బెల్ మద్రాసులో ఆ పద్ధతి నడిపి చూసి 1797లో లండన్‌లో పుస్తకమే వేశాడు. మన బళ్లు రోజుకో పీరియడ్ దానికి కేటాయించవచ్చు.