పెన్నేటిపాట - ప్రవాసస్మరణ విచారము

ప్రవాసము కావ్యములకు వస్తువగుట నేఁటి మాట గాదు. వాల్మీకి రాముఁడును, వ్యాసుని పాండవులును, కాళిదాసుని యక్షుఁడును బ్రవాసులే. లాక్షణికులలో విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున దీనిని భిన్నదేశస్థితిగా నిర్వచించి, కార్యము, శాపము, సంభ్రమము అని మూఁడు హేతువులను జెప్పెను. పనిమీఁదఁ బోవుట మొదటిది. యక్షునివలె శపింపఁబడి పోవుట రెండవది. ఉత్పాతాదులచేఁ జెదరిపోవుట మూఁడవది.

అనంతపురమండలమున జనులెఱిఁగిన ప్రవాసహేతువు కఱవు. అది యీ మూఁటిలో దేనియందుఁ జేరును? ఉత్పాతమని సంభ్రమమునఁ జేర్పవచ్చునన్నచో, ఉత్పాత మాకస్మికము. కఱవన్ననో మెల్లమెల్లఁగా వచ్చి యింట కూర్చుండునది. శాపమన్నచో శపించినవాఁడు గానరాఁడు, అవధియుఁ దెలియదు. కూలికై పోవుదురు గావునఁ గార్యమన్నచో, ఆ కార్యము వారు కోరినది గాదు. కావున శాస్త్రము చెప్పిన విభాగమున కీ దేశపు దుఃఖము లొంగుట లేదని యొప్పుకొనక తప్పదు.

వ్యాకరణమార్గమున నొక విశేషము గలదు. వస ధాతువునకు నివసించుట యర్థము. ప్ర యను నుపసర్గము చేరఁగా నివాసార్థము తలక్రిందై, ఉన్నచోటు వదలుట యర్థమగుచున్నది. నిలుచుట యను నర్థము గల స్థా ధాతువు ప్రస్థానమనఁగాఁ బయనమైనట్లు. ఈ వస ధాతువునకు నిష్ఠాప్రత్యయము పరమగునపు డిడాగమము విధించిన సూత్రమున, సప్తమాధ్యాయ ద్వితీయపాదమందుఁ, బాణిని దానితోఁ జేర్చి చెప్పిన ధాతువు క్షుధ యొక్కటియే. ఉషితుఁడు, క్షుధితుఁడు అను రూపములు రెండు నొకే సూత్రముచే సిద్ధించుచున్నవి. సూత్రకారుఁడు రూపసామ్యమును జూచి చేర్చెనే కాని యర్థమును జూచి కాదు. అయినను నివాసమును నాఁకలియు నొక్కచోటఁ గూడుట యీ మండలమువారికి వింతగాఁ దోఁపదు.

ఇట్టి దేశమునఁ బుట్టిన కావ్యము విద్వాన్ విశ్వముగారి ‘పెన్నేటిపాట’. విశ్వముగారు 1915లో అనంతపురమండలమందలి తరిమెలలో జన్మించి 1987లో గతించిరి. సంస్కృతమునఁ గాదంబరీ కథాసరిత్సాగరాదులను దెనిఁగించిన పండితులు. దేశస్వాతంత్ర్యపుఁ బోరునఁ జెఱసాల కేఁగినవారు. పత్రికాసంపాదకులై చెన్నపురియందుఁ బెక్కేండ్లు గడపినవారు. 1956లో నీ కావ్యము గ్రంథరూపమున వెలువడునాఁటికి వారు కార్యహేతువుచే నెపుడో ప్రవాసులైరి. అయినను గావ్యమునఁ గవి తన ప్రవాసమును బాడుకొనలేదు. ఊరు విడువనివారి ప్రవాసమును బాడెను. ఈ కావ్యమునకు జీవమిదియే.

పెన్న నందికొండల ప్రాంతమునఁ బుట్టి, అనంతపురము, కడప, నెల్లూరు సీమలమీఁదుగాఁ దూర్పుసముద్రమును జేరును. నైరృతిమేఘములను సహ్యాద్రి యడ్డగించును. ఈశాన్యమేఘములు తూర్పుతీరముననే చాలవఱకుఁ గురిసి యిచ్చటికి వచ్చుసరికి రిక్తములగును. ఏఁటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే యీ మండలమునకుఁ బ్రాప్తము. అందుచే నేఱన్న పేరు మిగిలి, నీరు పోయి, యిసుకతిన్నెలే కన్పట్టును. కవి మొదట నా నదియొక్క పూర్వవైభవమును నుతించి, పిమ్మట నెండిన గర్భమును జూపి, ఆ యొడ్డుననే రంగన్న, గంగమ్మ యను దంపతుల కథను నడపెను. ఒకప్పుడు కలిగి బ్రతికిన యింటి బిడ్డ కట్టెలు కొట్టి యమ్ముకొని పొట్ట పోసికొను స్థితి కీడ్వఁబడెను.

మేఘసందేశముతోఁ బోల్చిచూచినఁ గావ్యప్రతిష్ఠ స్పష్టమగును. అచ్చట నలక యున్నచోటనే యున్నది. యక్షుఁడు రామగిరికిఁ దొలఁగెను. శాపమున కొక సంవత్సర మవధి. కథారంభమునకే యెనిమిది మాసములు గడచినవి. దూతగా మేఘము సిద్ధముగా నున్నది. ఇచ్చట మనుష్యుఁ డున్నచోటనే యున్నాఁడు. నదియే ప్రోషిత యయ్యెను. అవధి లేదు. దూత కావలసిన మేఘమే తొలుతఁ దొలఁగిపోయినది. సందేశ మెవరిచేతఁ బంపవలయును? తన యింటి గడపమీఁదఁ గూర్చుండియే మనుష్యుఁడు ప్రవాసి యగుట యిందలి విశేషము. భిన్నదేశస్థితి యను లక్షణ మిచట భిన్నకాలస్థితిగా మాఱినది. దేశ మొక్కటియే, తాతనాఁటి దేశము వేఱు, మనుమనినాఁటి దేశము వేఱు.

ఇఁక స్మరణమును విచారింపవలయును. సదృశవస్తువును జూచినపుడు పూర్వానుభూతమైన వస్తువు తలఁపునకు వచ్చుట స్మరణాలంకారమని సామాన్యలక్షణము. పెన్నేటిపాటయందు సాదృశ్య మెచ్చట? ఇసుకను జూచి ప్రవాహమును, ఖాళీ గాదెను జూచి ధాన్యమును, చినిఁగిన గుడ్డను జూచి పట్టును దలంచుట సాదృశ్యమూలకము గాదు. అట్లయిన నిచట నలంకారమే లేదా? దీనికి సమాధానము సాహిత్యదర్పణముననే యున్నది. వైసాదృశ్యమువలనఁ గలుగు స్మృతినిఁ గూడ రాఘవానందమహాపాత్రులు స్మరణాలంకారముగా నంగీకరించిరని విశ్వనాథుఁడు తెలిపెను. అచటి యుదాహరణముగూడ ప్రవాసవిషయమే. దిరిసెనపువ్వువంటి సీత కొండలలోఁ గష్టపడినప్పుడెల్ల, రాముఁ డామె గృహసౌఖ్యములను దలంచి కన్నీరు విడిచెనని దాని భావము.

ఈ మతము శాస్త్రమున నొకమూలఁ బడియుండెను. కఱవుసీమ కవిత్వమునకు మాత్ర మిదియే ముఖ్యద్వారము. ఉన్నదానిని జూచి యున్నదానిని దలంచుట భోగుల స్మృతి. లేమిని జూచి కలిమిని దలంచుట ప్రవాసి స్మృతి. విశ్వముగారు సంస్కృతసాహిత్యమున నిష్ణాతులు గావున నీ మార్గమును దెలిసియే త్రొక్కిరో, తెలియకయే త్రొక్కిరో యను ప్రశ్న యవసరము లేదు. లక్ష్యము ముందు, లక్షణము వెనుక యనుటకు నిది యొక నిదర్శనము.

ఈ మండలముననే పోలిక కర్హమైన మఱియొక కృతి గలదు. 1914లో చియ్యేడులో జన్మించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు కౌమారముననే ‘పెనుగొండలక్ష్మి’ని రచించిరి. పిదప వారు విద్వాన్ పరీక్ష వ్రాయునాఁటికిఁ దమ కావ్యమే తమకుఁ బాఠ్యమయ్యెననుట పండితలోకమునఁ బ్రసిద్ధము. 1565లో రక్కసి-తంగడి యుద్ధమున నళియ రామరాయలు కూలఁగా, తమ్ముఁడు తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుగొండను జేరెను. అనఁగా రాజధానిగాఁ బెనుగొండ ప్రవాసస్థానమే. కాలక్రమమున రాజధాని చంద్రగిరికిఁ బోఁగా, పెనుగొండయుఁ బోయిన దేశముగా మిగిలెను. గగనమహలు నిలిచిన యా శిథిలదుర్గమునఁ బాడిన కవికిఁ బోయినది రాజ్యలక్ష్మి. విశ్వముగారికిఁ బోయినది జలలక్ష్మి. మొదటిదానికి శిలలు సాక్ష్యములు. చూడవచ్చినవారికి వాని నైనఁ జూపవచ్చును. రెండవదానికి సాక్ష్య మేమియు మిగులలేదు. నీరు శిథిలములను విడిచిపోవదు. అందుచే రెండవ స్మరణము కష్టతరము, తీవ్రతరము.

కావ్యముపైఁ బండితు లాక్షేపింపఁదగిన విషయములు రెండు గలవు. పద్యములతోఁ గలిపి గేయములు నడపుట, మండలవ్యవహారపదములను విడువకుండుట మొదటిది. గ్రామ్యత్వము దోషమే యయినను నధమపాత్రోక్తులలో గుణమగునని యొక సమాధానము చెప్పుదురు. అది యిచటఁ జాలదు. రంగన్న దరిద్రుఁడే కాని యధముఁడు గాఁడు. పైఁగా నా పదములు కవివాక్యమునఁ గూడఁ గలవు. దీనికి క్షేమేంద్రుని యౌచిత్యమే శరణ్యము. ఒక సీమను గోల్పోయినవాఁడు దానిని జ్ఞప్తికిఁ దెచ్చుకొనుట యా సీమమాటతోనే యగును. చెలమకు, గంజికి సంస్కృతపర్యాయముల నిడినచో స్మృతికిఁ బట్టుకొమ్మ తెగును.

రెండవ యాక్షేపము గట్టిది. పూర్వకాలమంతయు సుభిక్షమనియు, నేఁటికాలమంతయు దుర్భిక్షమనియు స్మరణము వంచించును. రాయలనాఁడును నీ పీఠభూమిపై మేఘము లెక్కువగాఁ గురియలేదు. 1369 నాఁటి పోరుమామిళ్ల శాసనము దీనికిఁ బ్రమాణము. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుఁడు కడపసీమలోఁ జెఱువు కట్టించి వేయించిన యా సంస్కృతశాసనమునఁ దటాకమునకుఁ బండ్రెండంగములును, నాఱు దోషములును జెప్పఁబడినవి. దినమున కొక వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేయఁగా నా చెఱువు ముగిసెను. అనంతసాగరమను చెఱువు పేరనే గదా అనంతపురమునకుఁ బేరు గలిగినది. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచుఁ గృష్ణరాయలు చెఱువులను గాలువలను మఱవలేదు. కావున నాఁటి కలిమి మేఘము పెట్టిన భిక్ష గాదు. మనుష్యులు చేసిన కట్టడము.

ఈ భేదము స్వల్పము గాదు. పోయినది వాన యైనచో మిగులునది విలాపము. పోయినది చెఱువుపైఁ బూనిక యైనచో మిగులునది కర్తవ్యము. పెన్నేటిపాటలోఁ బూర్వవైభవవర్ణనము కొంతమేర నీ రెంటిని వేఱుపఱుపలేదని చెప్పవలసియున్నది. అయినను గవి దోషమును దైవముపైనే నెట్టి యూరకుండలేదు. రంగన్న యాఁకలికి మనుష్యులు చేసికొన్న వ్యవస్థ కారణమని కథనడకయే తెలుపుచున్నది.

పేరులయందును నీ విషయమే కన్పట్టును. 1800లో నిజాము కుంఫిణీకి ధారవోయఁగా నీ సీమకు దత్తమండలములను పేరు కలిగెను. ఇతరులచేత నియ్యఁబడినది యను నర్థము గల యా పేరును దొలఁగించి, 1928లో నంద్యాలసభయందుఁ జిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును బ్రతిపాదించిరి. అదియు స్మరణమే, కాని విలపించు స్మరణము గాదు, నిలువఁబెట్టు స్మరణము.

కడపట రసవిచారము. పోయినది మరల రాదన్నచోఁ గరుణము; వచ్చునను నాశ యున్నచో విప్రలంభము. పోయినవారు తిరిగి లభింతురను నాశతోఁ గూడిన స్థితిని విశ్వనాథుఁడు కరుణవిప్రలంభమని, కాదంబరిలోఁ బుండరీకమహాశ్వేతల వృత్తాంతము నుదాహరించెను. దేశవిషయకమగు రతి శృంగారము గాదు, భావమాత్రమే యని శాస్త్రజ్ఞు లెఱుఁగుదురు. ఆ భావమును గరుణ మంటియున్నది. అయినను ఛాయ యిదియే. కాదంబరిని దెనిఁగించిన చేయి పెన్నయొడ్డున నిలిచి పాడునపుడు, మహాశ్వేత యచ్ఛోదతీరమున వేచియున్నట్లు రంగన్న గంగమ్మ లెండిన యేటియొడ్డున వేచియున్నారు. యక్షుని కవధి తెలియును; వీరికిఁ దెలియదు. తెలియకయు నొడ్డు విడువకుండుట వీరి ధైర్యము. పాఠశాలలలో మేఘసందేశమును జెప్పు పండితులు దానివెంట నీ కావ్యమునుఁ జదివించినచోఁ, బ్రవాసమనఁగా దూరదేశగమన మొక్కటియే గాదని బాలుర కర్థమగును.