మూడోసారికి ఆపిన పరుగు

కొత్త ఓడకు ఇంక్లైనింగ్ టెస్టు చేసే రోజు కట్టిన మోకులు వదులు చేస్తారు. పనిలేనివాళ్లను ఒడ్డుకు పంపేస్తారు. ఉన్నవాళ్లు చెప్పిన చోటి నుంచి కదలకూడదు. హోల్డులో పొడవాటి తీగకు బరువు కట్టి వేలాడదీస్తారు. అది ఊగిపోకుండా బరువును నూనె తొట్టిలో ముంచుతారు. డెక్కు మీది ఇనప దిమ్మల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు మారిస్తే తీగ స్కేలు మీద కాస్త జరుగుతుంది. ఆ కాస్త కొలత ఆధారంగానే ఓడ బరువు కేంద్రం ఎంత ఎత్తున ఉందో లెక్కగడతాం. ఓడల డిజైన్ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఈ పరీక్షనే 1628లో స్టాక్‌హోంలో మోటుగా చేశారు. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కోసం కట్టిన వాసా యుద్ధనౌక డెక్కు మీద 30 మందిని అటూ ఇటూ పరుగెత్తించారు. మూడోసారికే ఓడ ప్రమాదకరంగా ఊగడంతో అడ్మిరల్ క్లాస్ ఫ్లెమింగ్ పరుగు ఆపించాడు. ప్రయాణం మాత్రం ఆపించలేదు. రాజు తొందరపెడుతున్నాడు, నిజమే. అయినా ఫ్లెమింగ్‌ది క్షమించదగ్గ తప్పని నేననుకోను. ఆగస్టు 10న బయల్దేరిన వాసా 1300 మీటర్లు వెళ్లిందో లేదో, గాలికి ఒరిగి, తెరిచి ఉంచిన కింది ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు నిండి మునిగిపోయింది. విచారణలో ఎవరికీ శిక్ష పడలేదు.

ఆనాటి మేస్త్రులు చేతగానివాళ్లు కారు. పాత ఓడల కొలతలు, చేతి అనుభవం వాళ్లకున్నాయి. కానీ ఓడ నిలుస్తుందో లేదో ముందే తేల్చే లెక్క అప్పటికి లేదు. దాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే అందించాడు. భూమి ఆకారం తేల్చే కొలతల కోసం 1735లో దక్షిణ అమెరికా వెళ్లి, ఆండీస్ కొండల్లో ఏళ్ల తరబడి ఉంటూ ఓడల మీద పుస్తకం రాసుకున్నాడు. అది 1746లో అచ్చయింది. ఓడ కొంచెం ఒరిగితే, నీళ్లు దాన్ని పైకెత్తే చోటు కూడా ఒరిగిన వైపుకు జరుగుతుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా గీసిన గీత ఓడ నడిమి గీతను తాకే బిందువే మెటాసెంటర్. బరువు కేంద్రం దానికి కింద ఉంటే ఓడ మళ్లీ నిటారుగా లేస్తుంది. పైన ఉంటే నిలవదు.

వాసాను 1961లో పైకి తీశారు. ఇప్పుడు స్టాక్‌హోం మ్యూజియంలో ఉంది. ఓడల డిజైన్ చదువుతున్న మన పిల్లలెవరైనా అటు వెళ్తే, చెక్కడాలు చూసి వచ్చేయకండి. నీళ్లలో ఉండే అడుగుభాగం ఎంత చిన్నదో, దాని మీద రెండు వరుసల ఫిరంగి కిటికీలు ఎంత ఎత్తున పెట్టారో కాసేపు నిలబడి చూడండి.