ఆ బొటనవేలు ఎందుకు చెరిపారు?

ఫోటో చూసి మనసు కరిగిందంటే చాలు, అది గొప్ప ఫోటో అనేస్తున్నాం. కరిగించడానికి ఫ్రేములోంచి ఎవర్ని, దేన్ని బయటికి నెట్టారని అడగడం లేదు. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీకి పాఠంగా చెప్పే డొరోతియా లాంగ్ 'వలస తల్లి' ఫోటోనే ఇక్కడ తీసుకుంటున్నాం.

1936 మార్చి. అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠానీ కూలీల మకాం. పంట పోయింది, పని లేదు. ప్రభుత్వం తరఫున వచ్చిన లాంగ్ ఆరేడు ఫోటోలు తీసింది. మొదటివాటిల్లో డేరా ఉంది, సామాను ఉంది, ఎదిగిన కూతురుంది. దగ్గరికి జరిగేకొద్దీ అవన్నీ పోయాయి. చివరికి తల్లి, ఒళ్లో పసిబిడ్డ, చెరో పక్క మొహాలు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు మిగిలారు. పిల్లల మొహాలు కనపడవు గనక మన చూపు తల్లి మొహం మీదికే పోతుంది. గడ్డం దగ్గరున్న చెయ్యి దాన్నక్కడే ఆపేస్తుంది. మేరీమాత బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లకి ఇది వెంటనే అందుతుంది. గొప్ప కూర్పే, కాదనం. కాని డేరా గుంజని పట్టుకున్న బొటనవేలు కింద మూలన పడింది. కూర్పుకి అడ్డమని తర్వాత నెగెటివ్‌లో దాన్ని చెరిపించింది లాంగ్. (బొటనవేలంటే మనకి ఏకలవ్యుడు గుర్తు రాకుండా ఉంటాడా!)

పోయింది వేలొక్కటే కాదు. పేరు అడగలేదని లాంగే 1960లో రాసింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి 1978లో గాని తెలియలేదు. ఆమె చెరోకీ, ఆదివాసీ. దేశం మాత్రం ఆమెలో చితికిపోయిన తెల్ల రైతు తల్లిని చూసుకుని కన్నీళ్లు పెట్టుకుంది. ఆదివాసీ అని తెలిస్తే అన్ని కన్నీళ్లు వచ్చేవా? ఫోటోలు పత్రికలో పడ్డాక మకాంకి ఇరవై వేల పౌన్ల తిండి వచ్చింది. అప్పటికే ఆ కుటుంబం వెళ్లిపోయింది. తనకి పైసా ముట్టలేదనీ, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదనీ తర్వాత ఆమె వాపోయింది. ప్రభుత్వ ఫోటో గనక లాంగ్‌కీ రాయల్టీ లేదు, నిజమే. పేరు మాత్రం లాంగ్‌కి వచ్చింది.

ఇక్కడ జాతి పోయినట్టే మన పత్రికల ఫోటోల్లో కులం పోతుంది. పాకీపని చేసే మనిషి కింద 'పేదరికం' అని శీర్షిక పెడతారు. పేదరికమే అయితే ఆ గుంటలోకి పేద బాపనాయన ఎందుకు దిగడు? ముంబై మునిసిపల్ పారిశుధ్య కార్మికుల్ని ఏళ్ల తరబడి తీసిన సుధారక్ ఓల్వే ఫోటోలు ఇందుకే మాకు ముఖ్యం. ఆయన ఫ్రేములో చెత్త పక్కకి పోదు, మనిషి మీదికే వస్తుంది. కళ్లు చెమర్చేకంటే ముందు కడుపులో తిప్పుతుంది. ఎవరు చేయిస్తున్నారు ఈ పని అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

కారంచేడు (1985), చుండూరు (1991) మీద మనం ప్రత్యేక సంచికలు వేస్తాం. అట్ట మీదికి ఏడ్చే తల్లి మొహాన్నే ఎంచుకుంటాం, అదే కదిలిస్తుందని. ఆమె వెనక నిలబడ్డ వాడ జనాన్నీ, పక్కనున్న పొలాన్నీ, ఆ పొలం ఎవరిదో చెప్పే వాక్యాన్నీ కత్తిరించే కత్తెర అప్పుడు మన చేతిలోనే ఉంటుంది.