నిత్యవిశ్వాసము – క్రైస్తవకీర్తన: పురుషోత్తమ చౌదరి, జాషువల రచనలపై నొక పరిశీలనము

తెలుగు క్రైస్తవసాహిత్యమును గూర్చి వ్రాసినవారు సామాన్యముగా రెండు విషయములకు ప్రాధాన్యమిచ్చుచు వచ్చిరి. ఒకటి బైబులు అనువాదచరిత్ర. రెండవది కవుల మతస్వీకారవృత్తాంతము. రెండును ఆవశ్యకములే. విశాఖపట్టణమున 1805లో లండను మిషనువారు పని ప్రారంభించుట, ఆనందరాయరు సహాయముతో సువార్తలు తెలుగున వెలయుట, 1812లో అవి శ్రీరామపురమున అచ్చగుట – ఇవి మన పరిశోధకవిద్యార్థు లెరిగిన సంగతులే. కాని మతమును స్వీకరించుట ఒకనాటి కథ. దానిని నిలుపుకొనుట దినదినము జరుగవలసిన పని. ఈ రెండవదానికి సాహిత్యమున ఏ రూపము తగినదను ప్రశ్నను మనవారు చాలినంతగా విచారింపలేదు.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమున కలిగినది కాదు. కొన్నియేండ్ల క్రిందట పాఠభేదములను సేకరించుటకై అనకాపల్లి ప్రాంతమున కోటవురట్ల సమీపగ్రామములలో తిరిగితిని. 1874లో కాకినాడలో పని ప్రారంభించిన కెనడా బాప్తిస్టు మిషను క్రమముగా ఈ సీమకును వ్యాపించినది. అవి వరి ఊడ్పుల దినములు. ఒక యింట సాయంకాలప్రార్థనలో, పొలమునుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుగుకొన్న యొక వృద్ధురాలు కీర్తన నెత్తుకొన్నది. ఆమెకు చదువు రాదు. మనుమడు పుస్తకమున వ్రేలుంచి పంక్తివెంట పంక్తి చూచుచుండెను. మూడవ చరణమున ఆమె ఒక సంస్కృతసమాసమును విడిచి, ధ్వనిలో దానికి దగ్గరగానున్న తెలుగుమాట నొకదానిని పాడినది. “మామ్మా, పుస్తకంలో అలా నేదు” అని బాలు డనెను. “పుస్తకానికేటి తెలుసురా, నువ్వు పాడు” అని యామె పాట సాగించినది. నేను మాత్రము నా కాగితముపై ‘అపపాఠము’ అని వ్రాసికొంటిని. ఆ మాటను తరువాత కొట్టివేయవలసి వచ్చినది.

ఏలయన, ఆమె మార్చినది అర్థము తెలియకపోవుటచేత కాదు. చరణమునకు తనకు పనికివచ్చు అర్థము కావలసియుండుటచేత మార్చినది. కీర్తన యనునది కావ్యమువలె ఒకమారు చదివి ముగించునది కాదు. పల్లవి మరల మరల వచ్చును. చరణము ఎంత దూరము పోయినను పల్లవికి తిరిగి రావలసినదే. పగలెల్ల బురదలో నిలిచి, కూలివిషయమున మాటపడి, సాయంకాలము ఇంటికి వచ్చిన మనిషికి నిలుకడ యిచ్చునది ఈ తిరిగివచ్చుటయే. కథకు క్రొత్తసంఘటన కావలెను. నిలుపుకొనుటకు పునరావృత్తి చాలును. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంకలనమును తెరచి చూచినచో ఈ యుద్దేశ మందలి కూర్పుననే స్పష్టమగును. ఉదయము, సాయంకాలము, వివాహము, బాప్తిస్మము, మరణము – సందర్భమునుబట్టి పాటలు కలవు; రాగతాళములు పైన సూచింపబడియుండును. సంఘములలో పెక్కుమంది పాటను సంఖ్యతోనే పిలుతురు. ఏ మహాకావ్యమునకు ఈ గౌరవము దక్కినది?

ఈ కీర్తనకారులలో పురుషోత్తమ చౌదరి అగ్రగణ్యుడు. పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున 1803లో జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో మరణించెను. చరిత్రకారులు 1833ను విపులముగా వర్ణింతురు. ఆ తరువాతి యేబదియేడు సంవత్సరములను పర్యటనల పట్టికగా ముగింతురు. నూటికి మించిన ఆయన కీర్తనలు వెలసినది ప్రధానముగా ఈ పట్టికలోనుండియే. ఆయన పూర్వభక్తికవుల పదజాలమును విడువలేదు. నాథుడు, అవతారము, మంగళము, త్రాహి – ఈ మాటలన్నియు ఆయన చేతిలో క్రీస్తుపరముగ నిలిచినవి. దీనిని కొందరు అనుకరణమనిరి. మరికొందరు రాజీ యనిరి. రెండును తొందరపాటు మాటలే. తెలుగువాడు దుఃఖమున మొరపెట్టు భాష ఒకటి శతాబ్దములుగా సిద్ధమైయున్నది. మతము మారినంతమాత్రమున మొరపెట్టు నోరు మారదు. చౌదరి ఈ సత్యమును మిషనరీలకంటె బాగుగ నెరిగెను.

అట్లని ఆయనకు లోపములు లేవనను. కొన్నియెడల సమాసములు తాళమునకు లొంగక యీడ్చుకొనిపోవును. ప్రాసకై తెచ్చిన పదములు పెక్కులు. కాని నా ఆక్షేపము ఛందస్సును గూర్చినది కాదు. చౌదరి కీర్తనలతోపాటు ‘కులాచార పరీక్ష’ అను గ్రంథమును రచించెను. కులమును గూర్చిన విచారమును ఆ గ్రంథమున కప్పగించి, పాపభీతిని, శరణాగతిని కీర్తనల కుంచెను. ఈ పనుల పంపకమువలన కలిగిన ఫలితము గమనింపదగినది. సంఘము కీర్తనలను కంఠస్థము చేసికొనెను. పరీక్షకు నిత్యజీవనమున ఆ స్థానము దక్కలేదు. పాట హృదయమును శోధించును గాని, పాడువాని ప్రక్కన ఎవరు కూర్చున్నారని యడుగదు. పల్లవిలో చేరిన మాట దినదినము తిరిగివచ్చును. గ్రంథమున మిగిలినది చదివినవానికి మాత్రమే దక్కును. కులప్రశ్న పల్లవిలో చేరియుండవలసినది.

ఆ ప్రశ్నను కవిత్వముయొక్క నడుమకు తెచ్చినవాడు గుఱ్ఱం జాషువ (1895–1971). 1941 నాటి ‘గబ్బిలము’న గుడిలో అడుగిడరాని మనుష్యుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగు పక్షిచేత కాశీవిశ్వనాథునికి తన గోడు వినిపించుకొనును. క్రైస్తవకుటుంబమున పుట్టిన కవి శివునికి సందేశము పంపుట విశ్వాసలోపమని తలంచువారు ఆ కావ్యమును సరిగా చదువలేదని నా యభిప్రాయము. నిజమునకు, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిన ‘క్రీస్తు చరిత్ర’కంటె ‘గబ్బిలము’ననే సువార్తలోని ‘మిక్కిలి అల్పులు’ ఎక్కువ సజీవముగ కనబడుదురు. ‘క్రీస్తు చరిత్ర’ ధారాశుద్ధి గలది, ఉదాత్తమైనది. కాని అది చరిత్రయే. చదువరి దానిని మెచ్చుకొని పుస్తకమును మూయవచ్చును. పైగా పద్యమున కొక పరిమితి యున్నది. పదిమంది కూడి ఊడ్పునుండి వచ్చి పద్యమును పాడుకొనరు. చౌదరికి రూపము దొరకినది, జాషువకు ప్రశ్న దొరకినది. రెండును ఒకే పాటలో కూడినట్టి రచన నాకింతవరకు కానరాలేదు.

ఇది సాహిత్యచర్చ మాత్రమే యని విద్యార్థులు భావింపరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులును, 1990లో బౌద్ధులును అందు చేర్పబడిరి, క్రైస్తవులు చేర్పబడలేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున లెక్కింపబడుదురు. కావున ఒక కుటుంబము విశ్వాసమును బాహాటముగా చెప్పుకొనుటయా, పిల్లవాని చదువునకు, కొలువునకు పనికివచ్చు పత్రమును కాపాడుకొనుటయా అను సందిగ్ధము ఏ ధర్మశాస్త్రచర్చలోనో కాక, దరఖాస్తు నింపునపుడు ఎదురగును. ఇట్టి ఘడియకు మన కీర్తనలలో మాట లేదు. శ్రమలను గూర్చి కలదు, సిలువ మోయుటను గూర్చి కలదు, ఈ గడిలో ఏమి వ్రాయవలెనో లేదు. వృద్ధురాలు సమాసమును మార్చుకొన్నట్లే, ప్రతివాడు తన కనువైన మాటను తానే వెదకికొనవలసియున్నది.

ఆనాటి ప్రార్థన ముగిసిన పిదప, గాయకుల పట్టికను పూర్తిచేయుటకై ఆమె పేరడిగితిని. ఆమె చీరకొంగుతో ముఖము తుడుచుకొని, “ఏ పేరు బాబూ, కార్డులోదా, సంఘంలోదా?” అనెను. నేను తయారుచేసికొనిపోయిన పట్టికలో పేరునకు ఒక గడియే యుండెను.