హోమ్స్ వేషము, వాట్సన్ పాత్ర

అపరాధ పరిశోధక కథలు కాలక్షేపపు సరుకని పెద్దలు ఈసడించుటయు, ఆ పెద్దలే భోజనానంతరమున పిల్లల చేతిలోని పుస్తకము నందుకొని కడదాక చదువుటయు మన యిండ్లలో అరుదైన విషయము కాదు. ఆ కథలకన్నింటికి పెద్దదిక్కనదగినవాడు షెర్లాక్ హోమ్స్. సర్ ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో ఈతనిని లోకమునకు పరిచయము చేసెను. మొత్తముమీద హోమ్స్ గాథలు 60. అందు నవలలు 4, చిన్నకథలు 56. నాటకశాలలలోను, వెండితెరమీదను, టెలివిజన్‌లోను ఈ వేషము కట్టిన నటులను లెక్కించుట కష్టము. వారిలో మేటి యెవరను చర్చ వచ్చినప్పుడెల్ల ముక్కుతీరు, కంఠస్వరము, టోపీ, పైపు ముందునకు వచ్చును. మా కొలబద్ద వేరు. హోమ్స్ ఎట్లున్నాడని చూచుటకు ముందు, ఆయన ప్రక్కన డాక్టర్ వాట్సన్ ఎట్లున్నాడని చూడవలెనని మా మనవి.

ముందుగా వేషము సంగతి. చెవులను కప్పు ఆ టోపీ ప్రసిద్ధికెక్కుటకు కారకుడు, 1891 నుండి స్ట్రాండ్ పత్రికలో ఈ కథలకు బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్. వంపు తిరిగిన పైపు అమెరికా నటుడు విలియం జిల్లెట్ చలువ. ఆయన 1899లో న్యూయార్కు నగరమున హోమ్స్ నాటకమును ప్రదర్శించి, తన జీవితకాలమున సుమారు 1,300 పర్యాయములు ఆ వేషము ధరించెను. నాయకునికి వివాహము చేయవచ్చునా యని అడుగగా, మీ యిష్టము వచ్చినట్లు చేసికొనుడని డాయిల్ బదులిచ్చెనట. బాలుడైన చార్లీ చాప్లిన్ ఇంగ్లండులో ఈ నాటకముననే హోమ్స్ ఇంటి పనికుర్రవానిగా నటించెను. కేకలును, చేతులు విసరుటయు నటనగా చెల్లిన ఆ దినములలో జిల్లెట్ నిలకడగా, నెమ్మదిగా నటించెను. 1916లో తీసిన ఆయన చిత్రము చిరకాలము కనుమరుగై, 2014లో ఫ్రాన్సు దేశపు చలనచిత్ర భాండాగారమున బయటపడినది.

అయితే టోపీయు, పైపును కొట్టులో దొరకును, బుద్ధి దొరకదు. ఆలోచనను రంగస్థలముమీద చూపుట యెట్లు? వీరుని శౌర్యమును కత్తియుద్ధముతో చూపవచ్చును, ప్రేమను పాటతో చూపవచ్చును. తలలో జరుగు పనికి రూపము లేదు. డాయిల్ దీనికి కనుగొన్న ఉపాయమే వాట్సన్. అరువది గాథలలో 56 వాట్సన్ చెప్పినవే. ఆయన సైనిక వైద్యుడు. బొంబాయిలో దిగి అఫ్ఘన్ యుద్ధమునకు పోయి, మైవాంద్ రణరంగమున గాయపడి తిరిగివచ్చినవాడు. మందమతి కాడు, మనవంటి వివేకవంతుడు. అట్టివానికి తోచనిది హోమ్స్‌కు తోచినప్పుడే హోమ్స్ గొప్పతనము మనకు తెలియును. దీపము వెలుగును ఎదుటి గోడమీద చూచినట్లు, హోమ్స్ మేధను వాట్సన్ ముఖమున చూతుము.

డాయిల్ స్వయముగా ఈ సత్యమునకు సాక్ష్యమిచ్చినాడు. 1921లో తాను వ్రాసిన చిన్న నాటకమును మజారిన్ మణి కథగా మార్చినప్పుడు వాట్సన్‌ను కథకునిగా ఉంచలేదు. నడుమ పోలీసులకొరకు బయటికి పంపివేసినాడు. అది ఆయన కథలలో మిక్కిలి పేలవమైనవాటిలో ఒకటియని మా యభిప్రాయము.

ఇక వెండితెర. 1939 మొదలు 1946 వరకు బేసిల్ రాత్‌బోన్, నైజెల్ బ్రూస్ జంటగా 14 చిత్రములు వచ్చినవి. రాత్‌బోన్ ముఖము పాజెట్ బొమ్మ లేచివచ్చినట్లుండును, పలుకు పదునైనది. కాని బ్రూస్ వాట్సన్ గొణుగుచు, తడబడుచు తిరుగు అమాయకపు ముసలివాడు. ఆయనను చూచి నవ్వనివారు లేరు, మేమును నవ్వితిమి. నవ్వు చల్లారిన పిమ్మట ఒక ప్రశ్న మిగులును. తెలివిలేనివానిని ఆశ్చర్యపరచుటకు మహామేధావి యేల? అంతటి సూక్ష్మబుద్ధి ఇట్టివానితో ఒకే కప్పుక్రింద ఏండ్లతరబడి ఎట్లు కాపురముండెను? ప్రక్కవానిని తగ్గించి నాయకుని పెంచితిమనుకొన్నారు; నిజమునకు ఇద్దరును తగ్గిరి.

హాస్యమే తప్పని మేము చెప్పుటలేదు. మృచ్ఛకటికమునందలి మైత్రేయుడు విదూషకుడు. తిండిని తలచును, భయపడును, నవ్వించును. అయినను సిరి తొలగిన చారుదత్తుని విడువలేదు. ఆతని నవ్వు వెనుక స్నేహపు బరువు కలదు. వాట్సన్‌కు కావలసినది ఆ బరువు.

దానిని గుర్తించినవారు పిమ్మట లేకపోలేదు. 1979 నుండి 1986 వరకు సోవియట్ రష్యాలో ఇగోర్ మాస్లెన్నికోవ్ తీసిన చిత్రములలో వసీలీ లివనోవ్ హోమ్స్, విటాలీ సొలోమిన్ వాట్సన్. తొలి చిత్రముననే వాట్సన్, తన సహవాసి నేరస్థుడేమో యని అనుమానించి తానే పరిశోధన సాగించును. ఊహ తప్పినను ఊహించుటకు బుద్ధి యున్నవాడు గదా! ఇంగ్లండులో 1984 మొదలు 1994 వరకు గ్రనాడా సంస్థ తీసిన 41 భాగములలో జెరెమీ బ్రెట్ హోమ్స్. వాట్సన్‌గా తొలుత డేవిడ్ బర్క్, 1986 నుండి ఎడ్వర్డ్ హార్డ్‌విక్. మృతుడనుకొన్న హోమ్స్ తిరిగివచ్చు ఘట్టమున హార్డ్‌విక్ చూపిన దిగ్భ్రమయు, ఆనందమును మరువరానివి. బ్రెట్ విసుగు, ఉద్రేకము, ఏకాంతము మనకు సహ్యమగుటకు కారణము, వానిని సహించు మిత్రుడు గౌరవనీయుడగుటయే. హోమ్స్ చిత్రణలన్నింటిలో మా ప్రథమ తాంబూలము ఈ జంటకే.

2010 నుండి 2017 వరకు బి.బి.సి. ప్రసారము చేసిన షెర్లాక్‌లో కథ నేటి లండనుకు మారినది. ఇందలి వాట్సన్ కూడ అఫ్ఘన్ యుద్ధమునుండి వచ్చినవాడే. కల్పన చేయనక్కరలేకయే చరిత్ర తిరిగివచ్చినది. మార్టిన్ ఫ్రీమన్ ఆ పాత్రను నిండుగా పోషించెను. కాని హోమ్స్ ఆలోచనలను తెరమీద తేలు అక్షరములుగా చూపు పద్ధతి తొలుత వింతగొలిపినను, వాట్సన్ ముఖము చేయవలసిన పనిని యంత్రమునకు అప్పగించుటయే. పైగా మిత్రుని కించపరచుటయే మేధకు గురుతను భ్రాంతి ఇందు మెండు.

మన దేశమున ఈ కిటుకును ఎరిగినవాడు సత్యజిత్ రాయ్. ఆయన సృష్టించిన ఫెలూదా హోమ్స్‌ను గురువుగా తలచును. కథ చెప్పు పని తమ్ముని వరుసయైన తొప్షేకు, నవ్వించు పని జటాయువను రచయితకు వేరువేరుగా పంచి ఇచ్చినాడు. 1974 నాటి సోనార్ కెల్లా చిత్రమున ఈ పంపకము చక్కగా కనబడును. నవ్వు కొరకు సాక్షి గౌరవమును బలిపెట్టనక్కర లేకపోయినది. తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారు డిటెక్టివ్ యుగంధర్ ప్రక్కన రాజును నిలిపి, ఆతనిని పనికివచ్చు సహాయకునిగా తీర్చిరి. వెండితెరమీద మాత్రము 1986 నాటి చంటబ్బాయి మొదలు 2019 నాటి ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ వరకు పరిశోధకుడే నవ్వు పుట్టించును. అది వేరు మార్గము. తననుచూచి తానే నవ్వగల నాయకుడు ఎవరిని కించపరచడు.

సంఘ వార్షికోత్సవములలో నాటకమాడు మన యువకులకు ఇందొక పాఠము కలదు. నాయక వేషమునకు పదిమంది పోటీపడుదురు. చెలికాని వేషము మిగిలినవానికి తగిలింతురు, వానిచేత వెకిలి నవ్వు పుట్టింతురు. ఒకమారు ఆ వరుస తిరుగవేసి, మీ మేలి నటుని చెలికానిగా నిలుపుడు. ఎదుటివాని మాట వినుట, విని విస్మయపడుట, అయినను తన గౌరవము తాను నిలుపుకొనుట నటనలోను, సంసారములోను కష్టమైన విద్య. ఆ విద్య నెరిగినవాడు ప్రక్కనున్నచో నాయకుడు తనంతట తానే పెద్దవాడగును.