వంశావళిలో మాతృనామము

వంశావళిని చరిత్రకు ముడిసరకుగా ఎంచుట పరిపాటి. కాని అది మొట్టమొదట ఒక రచన. దేనిని ముందు చెప్పవలెనో, దేనిని వదలవలెనో అందు ఒక సంప్రదాయము నిర్ణయించుచుండును. ప్రబంధముల అవతారికలు చదివిన తెలుగు పాఠకునకు ఈ సంగతి క్రొత్త కాదు. కృతిపతి వంశమును వర్ణించునపుడు కవి మూలపురుషునితో ఆరంభించును. తాతలను, తండ్రులను వరుసగా నిలుపును. తల్లిని ఒక పద్యమున పొగడి ముందునకు సాగును. కీర్తికి పనికిరాని కొమ్మ ఆ చెట్టున కనిపించదు. పదునేడవ శతాబ్దమున సముద్రములు దాటిన హాలండు దేశీయుల సంతతివారు తమ పూర్వులను వెదకుకొను కుటుంబ గ్రంథములను గూడ ఈ దృష్టితోనే చదువవలసియున్నది. అందలి ఒక కొమ్మ కోరమండల తీరమునకు చేరుచున్నది గనుక ఆ పఠనము తెలుగువారికి పరాయిది కాదు.

తెలుగువారి నోట ‘వలందులు’ అయిన ఆ వర్తకులు 1605లో మచిలీపట్టణమునకు వచ్చిరి. మరుసటి యేడు గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా అనుమతితో వారి వర్తకశాల అచట స్థిరపడినది. 1610లో, విజయనగర ప్రభువు వేంకటపతిరాయల ఏలుబడిలో, పులికాటున కాలూనిరి. పిదప అచట గెల్డ్రియా కోట వెలసినది. పాలకొల్లు, భీమునిపట్టణము, జగన్నాథపురములలో గూడ వారి వ్యాపారము సాగినది. 1825లో ఈ స్థావరములు ఇంగ్లీషువారి పరమైనవి. బందరులో వలందపాలెమను పేరును, పాత శ్మశానములలో కులచిహ్నములు చెక్కిన శిలలును మిగిలినవి. ఈ తీరమున కొలువు చేసిన దానియేలు హావర్టు 1693లో కోరమండలపు ఉత్థాన పతనములను గూర్చి వెలువరించిన గ్రంథమున ఉద్యోగుల వరుసలతో పాటు సమాధి లేఖనములను పొందుపరచెను. 1897లో అలెగ్జాండరు రీ ఆ కట్టడములను, సమాధులను సచిత్రముగా ప్రకటించెను. పూర్వుల జాడ తీయువారికి ఇవి అమూల్యములు. అయినను శిల పలుకునది దానిని చెక్కించుకొనగల స్తోమత గలవారి తరఫున మాత్రమే. పదవి, పుట్టిన ఊరు, ఆయువు అందు స్ఫుటముగా ఉన్నవి. ఆ యింట నీళ్లు మోసినవారును, ఆ ఓడలలో సరకుగా ఎక్కింపబడినవారును అందు లేరు.

వారి జాడ మరియొక తీరమున దొరకును. ఆఫ్రికా దక్షిణపు కొసనున్న కేప్ నగరమున డచ్చి కంపెనీ 1652లో వలస స్థాపించెను. అచటి పాత కుటుంబముల వంశావళిని సి. సి. డివిల్లియర్సు కూర్చగా, అతని మరణానంతరము 1893-94లో అది మూడు సంపుటములుగా వెలువడినది. 1966లో పామా దానిని సంస్కరించి ప్రచురించెను. అందలి పద్ధతి గణితమువలె స్వచ్ఛమైనది. మూలపురుషునకు మొదటి అక్షరము, అతని బిడ్డలకు రెండవది, మనుమలకు మూడవది. అక్షరము ప్రక్కనున్న అంకె పుట్టిన వరుసను తెలుపును. ఏ మనిషినైనను క్షణములో గుర్తింపవచ్చును. కాని పురుషుని ఇంటిపేరు వెంట నడచుట ఆ స్వచ్ఛతకు ఆధారము. స్త్రీ అందు ‘ఫలానావానిని పెండ్లాడినది’ అను చోటనే ప్రవేశించును. ఆమె వెనుకనున్న వంశమునకు అక్షరము లేదు.

ఈ లోపము స్నైమన్ కుటుంబపు కథలో బయటపడుచున్నది. ఆ పేరిటి వంశకర్త క్రిస్టోఫెలు కేప్ నగరముననే పుట్టి, 1669లో జ్ఞానస్నానము పొందెను. తండ్రి కంపెనీ సిపాయి. తల్లి ‘గ్రోట కాత్రైన్ వాన్ పలియకట్టా’, అనగా పులికాటు పెద్ద కాత్రైన్. ఆమె బటావియాలో బానిస. ప్రియుని మరణమునకు కారకురాలైనదని 1656లో అచటి న్యాయస్థానము విధించిన మరణశిక్ష ప్రవాసశిక్షగా మారగా, 1657లో కేప్‌నకు చేర్చబడినది. కోటలో బట్టలుతుకు పని చేసినది. పిమ్మట స్వతంత్రురాలై బెంగాలు దేశీయుడైన ఆంథోనీ యాన్స్‌ను వివాహమాడినది. ఆమె కుమారుడు ఫ్రెంచి హ్యూగనాటుల ఆడపడుచును పెండ్లాడెను. నేటి స్నైమన్‌లలో పెక్కుమందికి ఆమె ఆదిమాత. ఇక్కడ ఓడ యెక్కి వచ్చిన పూర్వుల కథ వెదకువారికి తారసిల్లు ప్రయాణములలో మిక్కిలి పొడవైనది, పులికాటునుండి బటావియాకు, అటనుండి కేప్‌నకు సాగినది, తల్లిదే. ఆ కథను దాచియుంచినది కుటుంబ గ్రంథము కాదు, నేర విచారణ పత్రము. నిందించుటకై వ్రాసిన కాగితము, గౌరవించుటకై వ్రాసిన గ్రంథముకంటె ఆమెయెడ ఎక్కువ న్యాయము చేసినది.

‘వాన్ పలియకట్టా’ అను మాటను తెలుగువాడు ఇంటిపేరుగా పొరబడవచ్చును. తెలుగు ఇంటిపేళ్లలో ననేకములు ఊరిపేళ్లే. ఊరు విడిచిన కుటుంబము ఆ పేరును వెంట తీసికొనిపోయి తరతరములకు అందించును. కాత్రైన్ పేరున నున్న ఊరు అట్టిది కాదు. అది ఆమె వెంట తెచ్చుకొన్న స్మృతి గాక, కొన్నవారు అంటించిన గుర్తు. కరవులకును యుద్ధములకును చెదరిన తెలుగు, తమిళ సీమల జనము ఆ రేవుగుండ బానిసలై తరలిరి. వారి భాషను, కులమును, కన్నవారిని ఆ రేవు పేరొక్కటే కప్పివేసినది. మరియు ఆ పేరు ఆమెతోనే అంతరించినది. కొడుకునకు సంక్రమించినది తండ్రి పేరు.

ఈ మౌనము కేవలము సాహిత్య సంప్రదాయముగా మిగిలిపోలేదు. 1950లో దక్షిణాఫ్రికా ప్రజలను జాతులవారీగా నమోదు చేయు చట్టము వచ్చినది. నివాసము, చదువు, వివాహము ఆ వర్గీకరణపై ఆధారపడినవి. అది అమలులో ఉండగానే, 1971లో, జె. ఎ. హీసె పాత చర్చి పుస్తకములను పరిశోధించి, ఆఫ్రికానరుల పూర్వులలో సుమారు 7 శాతము ఐరోపాకు చెందనివారని తేల్చెను. చట్టము 1991లో రద్దయినది. శుద్ధవంశమను మాట వంశావళి చెప్పిన సత్యము కాదనియు, దాని రచనాపద్ధతి కల్పించిన భ్రమ యనియు హీసె లెక్క స్పష్టము చేసినది.

దీనికి వ్యతిరేకమైన ప్రలోభము గూడ కలదు. ఇప్పుడు కాత్రైన్‌ను కథానాయికగా అలంకరించి, ఈ భాషదనియో ఆ కులముదనియో గర్వించుట సులభము. అదియు అవతారిక సంప్రదాయమే. కీర్తికి పనికివచ్చుటచే కొమ్మను చేర్చుటయే. విమర్శకుడు చేయదగినది వేరు. సమాధిశిలను, చర్చి పుస్తకమును, న్యాయస్థానపు పత్రమును ప్రక్కప్రక్కన నుంచి, ఏది ఎవరికొరకు వ్రాయబడినదో తెలిసి చదువవలెను. పూర్వుల పేళ్లు ఎన్ని దొరికినవను లెక్కకంటె, ఏ పేరు ఎవరు పెట్టినదను విచారణ ముఖ్యము. ఆ విచారణ లేని వంశావళి ఎంత దీర్ఘమైనను సగము కుటుంబపు చరిత్రయే.