జీవశాస్త్రపు వింతలు: ఒక పరిశీలన

పాఠశాల గోడపత్రికలలోను, పిల్లల పుస్తకముల చివరి పుటలలోను "మీకు తెలియునా?" అను శీర్షిక క్రింద జీవశాస్త్రపు వింతలు తరచు కనబడుచుండును. ఈ రచనలయెడ నాకు చిన్నచూపు లేదు. కణమన్న మాట వినగానే ఆవులించు విద్యార్థిని క్షణకాలము నిలబెట్టగల శక్తి వాటికి కలదు. అయితే వింత చెప్పినవారు దానిని ఒకసారి పరీక్షించి చూచిరా అనునదే ప్రశ్న. అందుకు టెక్కలి, పలాస, ఉద్దానములను మించిన ప్రయోగశాల అక్కరలేదు.

"పండునకు వెలుపల గింజ గల ఏకైక వృక్షము జీడిమామిడి" అని వ్రాయుచుందురు. ఈ ఒక్క వాక్యమున రెండు తప్పులు కలవు. మనము పండు అనుకొను ఎర్రని లేక పచ్చని భాగము అసలు పండే కాదు, ఉబ్బిన పూకాడ. దాని కొనను వ్రేలాడు జీడిపిక్కయే నిజమైన ఫలము. గింజ దాని లోపలనే భద్రముగా నున్నది. మనము తిను పప్పు ఆ గింజలోనిదే. పూవు రాలిన పిమ్మట ముందు పెరుగునది పిక్క. కాడ ఉబ్బుట తరువాతి మాట. తోటలో పిందెలను చూచిన ఉద్దానపు బాలునికి ఇది తెలిసియే యుండును. ఇక "ఏకైక" అను మాట. బట్టలపై గుర్తులు పెట్టుటకు రజకులు వాడిన నల్లజీడిగింజ కూడ ఇట్లే కండపట్టిన కాడకొననే కాయును. జీడిమామిడి 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట బ్రెజిలునుండి వచ్చినది. నల్లజీడి అంతకు పూర్వమునుండియు మన అడవులదే. రెండును ఒకే కుటుంబములోనివి. మామిడియు ఆ కుటుంబమే గనుక, జీడిమామిడి అని పేరు పెట్టినవారు వృక్షశాస్త్రము చదువకున్నను బంధుత్వమును బాగుగనే పట్టిరి.

టెక్కలి దగ్గరి తేలినీలాపురమునకు వచ్చు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియానుండి వచ్చునని మరియొక వింత. అవి ఇచ్చట గూళ్ళు కట్టి పిల్లలను లేపును. చలికి వెరచి సైబీరియా విడిచివచ్చు పక్షి పిల్లలను లేపునది ఉత్తరదేశముననే గాని విడిది చేయు చోట కాదు. ఇవి దక్షిణాసియా పక్షులే.

అన్నిటికంటె నాకు కష్టము కలిగించినది "ఏడేండ్లకొకసారి శరీరములోని కణములన్నియు క్రొత్తవగును" అనునది. ఎర్రరక్తకణము సుమారు 120 దినములు బ్రతుకును. ప్రేగు లోపలి పొర కణములు కొద్ది దినములకే మారును. అంతవరకు సరియే. కాని అణ్వాయుధ పరీక్షలవలన వాయుమండలమున పెరిగిన కార్బన్-14 ఆధారముగా కణముల వయస్సు లెక్కకట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోనాస్ ఫ్రిసేన్ బృందము, మెదడు వల్కలములోని నాడీకణములకు మనిషికున్నంత వయస్సే ఉన్నదని 2005లో చూపెను. మూత్రపిండము సంగతి ఇంకను గట్టిది. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉండును. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అవన్నియు తల్లిగర్భముననే ఏర్పడియుండును. పిమ్మట ఒక్కటియు క్రొత్తగా ఏర్పడదు. వాటి గొట్టములలోని కణములు కొంతవరకు బాగుపడగలవు గాని, పాడైన నెఫ్రానుకు బదులు మరియొకటి రాదు.

ఇప్పుడా ఏడేండ్ల వాక్యమును కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల తరగతి గదిలో చదివి చూడుడు. దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎన్నో ఇండ్లను పీడించుచున్న చోటు అది. అందుకై 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి. వ్యాధి కారణము మాత్రము నేటికిని నిశ్చయముగా తేలలేదు. తండ్రిని డయాలిసిస్‌కు తీసికొనిపోవు పిల్లవాడు "ఏడేండ్లు ఆగితే నాన్న కిడ్నీ కొత్తదైపోతుందా, మాస్టారూ?" అని అడిగినచో ఏమి చెప్పవలెను? ఆ వాక్యమును మలిముద్రణలో తీసివేయవలెను.

ఆ చోటు ఖాళీగా ఉండనక్కరలేదు. ప్రక్కనే కొబ్బరితోట ఉన్నది. లేత బొండపు నీటిలో కణపు గోడలు లేని కేంద్రకములు తేలుచుండును. ముదిరిన కొలది వాటి చుట్టు గోడలేర్పడి, అవి టెంక లోపలివైపున తెల్లని కొబ్బరిగా పేరుకొనును. మొలకెత్తిన కాయను పగులగొట్టిన కనబడు కొబ్బరిపువ్వు పువ్వు కాదు. మొలక తన ఆహారమును పీల్చుకొను బీజదళ భాగము. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్ బృందము ఉమ్మెత్త పిండములను గాజుపాత్రలో పెంచుటకు వాడినది ఈ కొబ్బరినీళ్ళే.